ముందు బెంచీ ఆమెన్

మొన్న మా చర్చి కొత్త అయ్యగారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మా చర్చి అంటున్నాను గాని నేను అటు మొహం చూసి ఏళ్లయింది. నాలుకకు పట్టిన అలవాటు, అంతే. చైతన్యపురిలో మేముండే సందులో ఇళ్లు తక్కువ, హాస్టళ్లు ఎక్కువ. పాపం ఆ పిల్లవాడు రెండు హాస్టళ్లు ఎక్కి దిగి, చెమటలు కక్కుతూ వచ్చి మా కుర్చీలో కూలబడ్డాడు. నా మనవడి కంటే నాలుగేళ్లు పెద్దవాడేమో. సంఘానికి జూబిలీ చేస్తున్నారట. పాతకాలపు పెద్దల ఫొటోలకు దండలు వేస్తారట. "నాన్నగారి ఫొటో కావాలమ్మా. మన సంఘం ఒక్క స్వరంతో ఆమెన్ చెప్తుందని చుట్టుపక్కల చర్చిల వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నేర్పింది యాదయ్య ఉపదేశి గారేనట కదండీ!" అన్నాడు. చేతిలోని చాయ్ కప్పు కింద పెట్టేశాను. వేడిగా ఉందనుకున్నట్టున్నాడు. "తోబుట్టువులెవరైనా ఉన్నారామ్మా, వాళ్లను కూడా పిలుస్తాం" అన్నాడు. "అన్న ఉండె. తెలంగాణ లడాయి మొదాలు లేచినప్పుడు పోయిండు" అన్నాను. అయ్యో అన్నాడు, ఫొటో తీసుకున్నాడు, ప్రార్థన చేసి వెళ్లాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. దండ వేస్తారట! మా నాయన ఏ పని తలచుకుని చచ్చేదాకా కుళ్లి కుళ్లి ఏడ్చాడో, సరిగ్గా ఆ పనికే దండ వేస్తారట.

ఇప్పుడు మెట్రో స్తంభాల కింద షేర్ ఆటోలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే రోడ్డు నా చిన్నప్పుడు బెజవాడ పోయే లారీల రోడ్డు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటి, ఆ ఇళ్లు దాటితే ద్రాక్షతోటలు. ఇవాళ ఎల్బీ నగర్ అంటున్న దిక్కుకు పొద్దుగూకాక ఆడవాళ్లు ఒంటరిగా పోయేవాళ్లు కాదు. ఆ తోటల అంచున మా చర్చి, పైన రేకులు, చుట్టూ నడుమెత్తు గోడ. మా నాయన పోచంపల్లి దగ్గరి పల్లెలో మగ్గం నేసిన మనిషి. అన్న పుట్టినప్పుడు తల్లీబిడ్డలిద్దరూ చావు దాకా పోతే మిషను దవాఖానలో బతికించారు. ఆ కృతజ్ఞతతో నాయన యేసయ్య వైపు తిరిగాడు, కొడుక్కి దేవదానం అని పేరు పెట్టుకున్నాడు. తన పేరు మాత్రం మార్చుకోలేదు. యాదగిరి నర్సింహస్వామి పేరు పెట్టుకుని ఉపదేశం చెప్తావా అని బాప్తిస్మమిచ్చిన పెద్దలు అడిగితే, "గీ పేరు మా అవ్వ పెట్టింది. దేవుడు పిలిస్తె గీ పేరుకే పలుకుత" అన్నాడట. ఉపదేశి అంటే పాస్టరు కాదు. పాస్టరుగారిని అందరూ అయ్యగారు అనేవాళ్లు, ఆయన ప్రసంగం చెప్పేవారు. పిల్లలకు పాటలు, పెద్దలకు ప్రార్థన, దేవుడి ముందు ఎట్లా నిలబడాలి, ఎట్లా పలకాలి, ఇవన్నీ ఓపిగ్గా నేర్పేవాడు ఉపదేశి. పేరు అయ్యగారికి, గొంతు నొప్పి మా నాయనకు.

శనివారం వస్తే మా ఇల్లు ఇల్లు కాదు. పొద్దున్నే అమ్మా నేనూ చర్చి చాపలన్నీ బావి దగ్గరకు తెచ్చి పీచు పెట్టి రుద్దేవాళ్లం. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే సంఘానికి రొట్టే ద్రాక్షరసమూ పంచడం, ఉంటుంది కనుక ముందురోజు తోటవాళ్లిచ్చిన ద్రాక్షపళ్లు పిసికి పొయ్యి మీద పెట్టేది అమ్మ. ఆ పులుపూ తీపీ కలిసిన వాసన దుప్పట్లకు కూడా పట్టేది. ఈగలు తోలలేక నా చేతులు పడిపోయేవి. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే అమ్మ గరిటె తిరగేసేది. నాయన ఇత్తడి చెంబులో నిప్పులు వేసి తన ఒక్కగానొక్క తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు, బుగ్గన లవంగం పెట్టుకునేవాడు. అన్న గడప మీద కూర్చుని వెక్కిరించేవాడు, "నాయినా, నువ్వు ఇస్త్రీ చేసేది చొక్కనా, సంఘాన్నా?" నాయన నవ్వేవాడు. అన్నను మా ఇంట్లో ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. చావు నోట్లోంచి తెచ్చుకున్న పిల్లవాడు కదా.

చర్చిలో ముందు రెండు బెంచీలుండేవి, వెనకంతా చాపలే. బెంచీల మీద గుంటూరు వైపు నుంచి, కృష్ణా వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చిన వాళ్లు కూర్చునేవాళ్లు. సచివాలయంలో పని చేసే ఆనందరావు గారు వాళ్లందరికీ పెద్ద, చర్చి పెద్దల్లో కూడా పెద్ద. చాపల మీద మేము, తోటపని వాళ్లు, మేస్త్రీలు, మా పల్లెల నుంచి వచ్చిన నేతవాళ్లు. ఎవరూ అట్లా కూర్చోమని చెప్పలేదు, చెప్పకుండానే కూర్చున్నారు. పాటలయ్యాక మనవుల సమయం. ఎవరికే కష్టముంటే వాళ్లు లేచి చెప్తారు, సంఘమంతా ఆమెన్ అంటుంది, అప్పుడు అయ్యగారు ప్రార్థన చేస్తారు. మా చాపల వాళ్ల ఆమెన్ చిల్లర చిల్లరగా వచ్చేది. ఒకరు ముందు, ఒకరు వెనక. తోటలో పనిచేసే ముత్తమ్మ అనే ముసలామె అయితే అవతలివాళ్ల మాట పూర్తి కాకముందే "ఆమెన్ నాయినా, ఆమెన్" అని కేక పెట్టేది. ముందు బెంచీ పిల్లలు కిసుక్కుమనేవాళ్లు. ఒకరోజు అయ్యగారు అందరి ముందూ మా నాయనతో, "ఏమయ్యా యాదయ్యా, ఇది సంఘమా, సంతా? వీళ్లకు ఆమెన్ అనడమన్నా నేర్పలేవా?" అన్నారు. నాయన ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

మరుసటి వారం నుంచి నేర్పడం మొదలుపెట్టాడు. సాయంత్రం పిల్లలకు, దీపాలు పెట్టాక పెద్దలకు. తనకు తెలిసిన పని మగ్గం ఒక్కటే కనుక అదే లెక్కన నేర్పాడు. "దెబ్బ ఒక్కతీరు పడాలె. ఒకటి గట్టిగ, ఒకటి మెల్లగ పడితె బట్ట పాడైతది. ముందు బెంచోళ్లు 'ఆ' అని ఎత్తుకుంటరు. గది చెవుల పడ్డంక 'మెన్' కాడ మీరందరు కలువుండ్రి. వాళ్లు ఎత్తుకోకముందు నోరు తెరువొద్దు. తెలిసిందా?" పిల్లల్లో ఒకణ్ణి నిలబెట్టి మనవి చెప్పమనేవాడు. మా బర్రె ఈనాలె అని ఒకడు, మా అవ్వకు దగ్గు పోవాలె అని ఒకతి, లెక్కల సారుకు జరమొచ్చి బడి బంద్ కావాలె అని ఇంకొకడు. ఆ చివరి మనవికి మేమందరం నవ్వితే నాయన మాత్రం నవ్వలేదు. "అనుండ్రి ఆమెన్. అడిగింది మంచిదో చెడ్డదో తూకమెయ్యనీకె నువ్వెవ్వలు? తూకం దేవునిది. పక్కోడు దేవుని ముందట నిలవడితె వాని ఎనక నువ్వు నిలవడాలె. ఆమెన్ అంటె గంతే" అన్నాడు. పాపం సారుకు జ్వరం కోరుతూ కూడా ఆమెన్ అన్నాం. ముత్తమ్మకు మాత్రం ఆగడం రాలేదు. నాయన ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేవాడు, అవతలి మాట పూర్తయ్యేదాకా వదిలేవాడు కాదు. నెలలు పట్టింది. ఒక ఆదివారం ముందు బెంచీ "ఆ" అనగానే వెనక చాపలన్నీ ఒక్క గొంతుతో "మెన్" అన్నాయి. రేకులు గల్లుమన్నాయి. ఆనందరావు గారు వెనక్కి తిరిగి చూసి, "శెభాష్ యాదయ్యా" అన్నారు. నాయన మొహం ఆ రోజు వెలిగినట్టు మళ్లీ ఎన్నడూ వెలగలేదు.

ఆ వెలుగు ఎంత కాలం? తెలంగాణ కావాలన్న ఉద్యమం రాజుకుంది. బడులు మూతపడ్డాయి. పట్నంలో డిగ్రీ చదివే అన్న జేబులో సుద్దముక్కలు, చేతి నిండా సున్నంతో ఇంటికి వచ్చేవాడు. నాయన అవుననీ అనలేదు, వద్దనీ అనలేదు. "నౌకర్లు మనకు రావాలె అంటె తప్పేమున్నది బిడ్డా, కాని పాణం పైలం" అనేవాడు. ఎవరో ఆనందరావు గారి గేటు మీద వెళ్లిపొమ్మని సున్నంతో రాశారు, కిటికీ అద్దం పగలగొట్టారు. మా అన్న కాదు, ఒట్టు వేసి చెప్పాడు. ఆనందరావు గారు నమ్మలేదు. "అబ్బాయిని కాస్త అదుపులో పెట్టుకోవయ్యా. రేపు మా ఆడపిల్లలు వీధిలోకి రావాలా వద్దా?" అని మా ఇంటి ముందుకొచ్చి అన్నారు. మాట్లాడుతున్నంతసేపూ తన ఇంటి వైపు తిరిగి తిరిగి చూసుకున్నారు. వాళ్లకూ భయమే, కాదనను. ఆ ఆదివారం ఆయన లేచి, "మా ఇళ్లకు, మా పిల్లలకు రక్షణ కోసం ప్రార్థించండి" అని మనవి చెప్పారు. ముందు బెంచీ "ఆ" అంది. వెనక మా చాపలన్నీ "మెన్" అన్నాయి. అందరికంటే గట్టిగా పలికింది మా నాయనే. ఇంటికి వచ్చాక అన్న నిలదీస్తే, "వాళ్ల పిల్లలు పిల్లలు కాదార?" అన్నాడు.

తర్వాత కొన్నాళ్లకు ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. అన్న తొడలో తూటా దిగింది. దోస్తులు మోసుకుపోయి పెద్ద దవాఖానలో పడేశారట. మాకు తెలిసేసరికి రాత్రి గడిచింది, కర్ఫ్యూ. నాయన ఎట్లా పోయాడో పోయాడు. ఆదివారం పొద్దున కర్ఫ్యూ సడలిస్తే అక్కడి నుంచి నేరుగా చర్చికి వచ్చాడు. ఇస్త్రీ లేని చొక్కాతో నాయనను చర్చిలో చూడటం అదే మొదలు. నాకు అన్న సంగతి కంటే ముందు ఆ చొక్కా చూసే ఏడుపొచ్చింది. పాటలయ్యాయి, మనవుల సమయం వచ్చింది. అన్నేళ్లలో తన కోసం ఒక్క మనవి చెప్పని మనిషి, గుమ్మం దగ్గర లేచి నిలబడ్డాడు. "నా కొడుకు దేవదానం పెద్ద దవాఖానల ఉన్నడు. తొడల తూట దిగింది. పాణం కోసం ప్రార్థన చెయ్యిండ్రి" అన్నాడు.

ముందు బెంచీ పలకలేదు. ఆనందరావు గారు ఒళ్లో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నారు. పక్కవాళ్లు ఆయన్ను చూశారు. అయ్యగారు కూడా ఆయన్నే చూశారు. వెనక చాపల మీద మా వాళ్లు, మా అన్నను ఎత్తుకుని పెంచినవాళ్లు, నోళ్లు సగం తెరిచి ఆగిపోయారు. ముత్తమ్మ కళ్లు ముందు బెంచీ మీద ఉన్నాయి. అందరి కళ్లూ అక్కడే. "ఆ" వినపడాలి కదా! వినపడితే గాని నోరు తెరవొద్దని నేర్చుకున్నారు కదా! నెలల తరబడి చెయ్యి పట్టుకుని నేర్పించుకున్నారు కదా! అమ్మ నా చెయ్యి పిసుకుతోంది. నాయన ఇంకా నిలబడే ఉన్నాడు. చివరికి అయ్యగారు గొంతు సవరించుకుని, "ఇంకెవరికైనా మనవులున్నాయా?" అన్నారు. నేను ఇన్నేళ్లలో ఎన్నో చెడ్డ మాటలు విన్నాను, పడ్డాను. అంత మర్యాదగా చెప్పిన అంత పాడుమాట మళ్లీ వినలేదు. నాయన మెల్లగా కూర్చున్నాడు.

చర్చి వదిలాక ముత్తమ్మ అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. "ముందటోళ్లు అనకపోతిరి బిడ్డా, నేనెట్ల అందును? నీ పెనిమిటే గద ఆగుమన్నది!" అమ్మ చేతులు విడిపించుకుని ఇంటిదారి పట్టింది. ఇంటికి వచ్చాక మాత్రం ఆపుకోలేకపోయింది. "ఎంత మంచిగ నేర్పినవయ్యా! మన ఏలుతోని మన కన్నే పొడిపిచ్చినవ్" అంది. నాయన పొయ్యి దగ్గర కూలబడి, "వాళ్లు మొండికేసిండ్రు, సరే. మనోళ్ల నోళ్లు కుట్టింది నేను గదనే. నేనే కుట్టిన" అని తల కొట్టుకున్నాడు. దేవుడి ముందు పక్కవాడి వెనక నిలబడమని నేర్పినవాడే, ఎవరి వెనక నిలబడాలో ముందు బెంచీని చూసి తేల్చుకోమని కూడా నేర్పాడు. ఈ రెండో పాఠమే జనానికి బాగా పట్టింది. ఎప్పుడూ అంతే, మనకు పనికిమాలిన పాఠమే నోటికి వస్తుంది.

అన్న ఆ వారం దాటలేదు. గాయం విషమెక్కింది. ఆమెన్ అని ఉంటే బతికేవాడా అంటే, నాకేం తెలుసు? దేవుడి లెక్కలు నన్నడక్కండి. కాని కొడుకు పోతాడని తెలిసిన మనిషికి వెనక నలుగురి గొంతు వినపడటం వేరు, వినపడకపోవడం వేరు. పాతిపెట్టడానికి అయ్యగారు రాలేదు, కర్ఫ్యూ అని కబురు పంపారు. కర్ఫ్యూ నిజమే, కాని ముత్తమ్మకు లేని కర్ఫ్యూ ఆయనకే ఎందుకు వచ్చిందో. నాయనే గుంట పక్కన నిలబడి ప్రార్థన చెప్పాడు. చెప్పి ఆగాడు. చాపల వాళ్లందరూ వచ్చారు, ఏడుస్తున్నారు, నోరు మాత్రం పెగల్లేదు. అప్పుడు మా అమ్మ, చర్చిలో ఎన్నడూ గొంతు ఎత్తని మనిషి, "ఇంకెవలి కోసం చూస్తుండ్రే? నా కొడుకు మన్నుల పోతుండు! అనుండ్రి!" అని అరిచింది. అప్పుడన్నారు. చిల్లర చిల్లరగా, ఒకరి వెనక ఒకరు, ఏడుపు మధ్యలో, వెనకటి లాగే అన్నారు. నాయన మొహం చేతుల్లో దాచుకున్నాడు.

తర్వాతి వారం పిల్లల్ని కూర్చోబెట్టి, "రేపటి సంది ఎవ్వలి కోసం ఆగకుండ్రి. నీకు అనాలె అనిపిస్తె అను, గంతే. నేను తప్పు నేర్పిన" అన్నాడు. ఆ సంగతి అయ్యగారి దాకా పోయింది, ఉపదేశి పని పోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పనికి కుదిరాడు. మా పల్లెల్లో నేసిన చీరలే, ఆయన చెయ్యి గుర్తుపట్టేది. చర్చి మాత్రం మానలేదు, అదే నాకు మంట. ప్రతి ఆదివారం వెనక చాప మీద కూర్చుని, ఎవరు లేచి మనవి మొదలుపెట్టినా మాట పూర్తి కాకముందే, బెంచీ ఎత్తుకోకముందే, ఒక్కడే "ఆమెన్" అని అరిచేవాడు. మతి చెడిందన్నారు. కొత్తగా వచ్చిన పిల్లలు నవ్వేవాళ్లు, ఆయన అరుపుకు తాళం తప్పకుండా మరింత జాగ్రత్తగా ముందు బెంచీ కోసం ఆగడం నేర్చుకున్నారు. కొడుకు పోయి, పని పోయి, పాతికేళ్లు అట్లా అరిచి అరిచి పోయాడు మనిషి. నేను పెళ్లయి వెళ్లాక చర్చి గడప తొక్కలేదు. చాలాకాలానికి రాష్ట్రం వచ్చిన రోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో పటాకులు పేలుతుంటే, ఆనందరావు గారి మనవళ్లు కూడా గులాల్ చల్లుకుని ఎగిరారని విన్నాను. ఎగరనీ. ఇక్కడ పుట్టిన పిల్లలు. నేను మాత్రం తలుపులు వేసుకుని పడుకున్నాను.

జూబిలీకి పోకూడదనే అనుకున్నాను. కాళ్లు ఆగలేదు. రేకుల చర్చి చోట మూడంతస్తుల మేడ, లోపల చల్లని గాలి, చాపలు లేవు, అందరికీ కుర్చీలు. ముందు వరస మాత్రం సోఫాలు. తెరలు, డ్రమ్ములు, నాయన ఫొటోకు గులాబీల దండ. ఒక్కొక్కరే మనవి చెప్తుంటే ముందు సోఫాల వాళ్లు ఎత్తుకున్నారు, హాలంతా కలిసింది. రెప్పపాటు తేడా లేదు. గొప్పగా ఉంది, ఒళ్లు మండేంత గొప్పగా ఉంది. కొత్త అయ్యగారు నన్ను వేదిక మీదికి పిలిచి, నాన్నగారి గురించి రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చాడు. నాకు మాటలు రావు, మనవి ఉంది అన్నాను. "మా అన్న దేవదానం పెద్ద దవాఖానల ఉన్నడు. తొడల తూట దిగింది. పాణం కోసం ప్రార్థన చెయ్యిండ్రి" అన్నాను. హాలు హాలంతా ముందు వరస వైపు చూసింది. ముందు వరస అయ్యగారి వైపు చూసింది. పాపం అతనికి చెమటలు పట్టాయి. దగ్గరికి వచ్చి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా అన్నాడు, "అమ్మా, ఏమనుకోకండి. చనిపోయినవాళ్ల కోసం మనం ప్రార్థన చెయ్యం కదమ్మా. అది మన బోధ కాదు."

"మా నాయన అడిగిననాడు బతికే ఉండె బిడ్డా" అన్నాను.